మత్తులో వేసిన వేలిముద్ర సమ్మతి అవుతుందా?

మద్యం మత్తులో ఉన్న ఒక మనిషి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వచ్చి 'నన్ను చేర్చుకోండి, ఈ తాగుడు మాన్పించండి' అని అడిగాడనుకుందాం. ఆ మాటను చట్టం నమ్మాలా, వద్దా? నమ్మితే, తానేం అడుగుతున్నాడో తనకే తెలియని స్థితిలో ఉన్నవాడి చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకుని తలుపులు మూసినట్టవుతుంది. నమ్మకపోతే, తనంతట తాను సాయం కోరి వచ్చినవాడిని 'తెలివిలోకి వచ్చాక రా' అని వీధిలోకి తిప్పి పంపినట్టవుతుంది. అలా వెళ్లినవాడు మళ్లీ వస్తాడన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

పైకి చూస్తే ఇది వైద్యులూ న్యాయవాదులూ తేల్చుకోవలసిన సాంకేతిక ప్రశ్న. కాని ఆ గుమ్మం ముందు నిలబడే మనిషి ఎవరని అడిగితే ఇది కుల ప్రశ్న కూడా అని తెలుస్తుంది. కలిగిన ఇంటి కొడుకు తాగుడు ప్రైవేటు ఆసుపత్రి గదిలో 'ఒత్తిడి'గా, 'విశ్రాంతి అవసరం'గా నమోదవుతుంది. అతడి పక్కన వైద్యుడిని నిలదీయగల తండ్రి ఉంటాడు, అవసరమైతే వకీలు వస్తాడు. అడ్డా కూలీ తాగుడు, పారిశుద్ధ్య కార్మికుడి తాగుడు, తండా నుంచి వలస వచ్చినవాడి తాగుడు మాత్రం 'వాళ్లంతే' అన్న ఒక్క మాటతో ముగిసిపోతాయి. వ్యాధిని కులం గుణంగా చూడటం అలవాటైన సమాజంలో 'స్వచ్ఛందం' అన్న మాటకు అర్థం చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది చాలా పెద్ద విషయం.

చట్టం ఏమంటోంది?

1912 నాటి లూనసీ చట్టం, దాని స్థానంలో వచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టం తర్వాత పార్లమెంటు 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని చేసింది. 2018 మే 29 నుంచి అది అమల్లో ఉంది. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను ఈ చట్టం 2వ సెక్షన్‌లోని నిర్వచనంలోనే మానసిక అనారోగ్యంగా చేర్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 1983 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఇందుకు భిన్నం. మద్యం మీదో మాదకద్రవ్యాల మీదో ఆధారపడటాన్ని అక్కడి చట్టం తనంతట తానుగా మానసిక రుగ్మత కింద లెక్కించదు. మన నిర్వచనానికి రెండు వైపులా పదునుంది. తాగుడుకు బానిసైనవాడికి వైద్యం ఒక హక్కుగా దక్కడానికి అదే ఆధారం. అతడిని ఆసుపత్రిలో ఉంచే అధికారానికీ అదే ఆధారం.

ఆసుపత్రిలో చేరికను చట్టం ప్రధానంగా రెండు దారులుగా విడదీసింది. మొదటిది 85, 86 సెక్షన్లలోని స్వతంత్ర చేరిక. సాధ్యమైనంతవరకు అన్ని చేరికలూ ఇలాగే ఉండాలని చట్టం స్పష్టంగా చెప్పింది. మైనరు కాని ఎవరైనా తనకు మానసిక అనారోగ్యం ఉందని భావించి చేర్చుకోమని కోరవచ్చు. అయితే వైద్యాధికారి కొన్ని విషయాలు నిర్ధారించుకోవాలి. చేర్చుకోవలసినంత తీవ్రత ఉండాలి. చేరితే మేలు జరిగే అవకాశం ఉండాలి. ఆ వ్యక్తి చేరిక స్వభావాన్నీ ఉద్దేశాన్నీ అర్థం చేసుకుని, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా అడిగి ఉండాలి. నిర్ణయం తీసుకునే సామర్థ్యం అతడికి ఉండాలి, లేదా కొద్దిపాటి సాయంతో నిర్ణయించుకోగలగాలి. ఇలా చేరినవారు వెళ్లిపోతామంటే 88వ సెక్షన్ ప్రకారం వెంటనే పంపించాలి. తనకో ఇతరులకో హాని చేసే సూచనలు, తనను తాను చూసుకోలేని స్థితి వంటి కారణాలుంటే మాత్రం పరీక్ష కోసం 24 గంటలు ఆపవచ్చు.

రెండో దారి 89వ సెక్షన్‌లోని మద్దతుతో కూడిన చేరిక. నిర్ణయ సామర్థ్యం లేని వ్యక్తి తరఫున అతడి నామనిర్దేశిత ప్రతినిధి దరఖాస్తు చేయాలి. ఒక సైకియాట్రిస్టు, మరో వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. ప్రమాదపు సూచనలుండాలి. ఇంతకంటే తక్కువ నిర్బంధంతో జరిగే చికిత్స సాధ్యం కాదని తేలాలి. గడువు 30 రోజులు. సామర్థ్యం తిరిగి వచ్చిందేమో ఏడు రోజులకోసారి చూడాలి. ఆడవారు, మైనర్ల విషయంలో మూడు రోజుల్లో, మిగతావారి విషయంలో ఏడు రోజుల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేయాలి.

కాగితం మీద ఇది గౌరవప్రదమైన ఏర్పాటు. మత్తులో ఉన్న మనిషి ఈ రెండు దారుల మధ్య ఇరుక్కుంటాడు. అతడు తనంతట తాను వచ్చాడు కాబట్టి రెండో దారి అతడిది కాదు. అతడి మాటకు ఈ క్షణంలో చట్టబద్ధమైన బలం లేకపోవచ్చు కాబట్టి మొదటి దారీ అతడికి తెరుచుకోదు.

మత్తుకూ చట్టానికీ వేర్వేరు గడియారాలు

మత్తు తాత్కాలికమని మన చట్టాలకు కొత్తగా తెలిసిందేమీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్, ఒప్పందం అర్థం చేసుకోలేనంత మత్తులో ఉన్నవాడు ఆ మత్తు ఉన్నంతసేపే ఒప్పందానికి అనర్హుడని చెబుతుంది. భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్, మత్తు కారణంగా దేనికి ఒప్పుకుంటున్నాడో తెలియనివాడి సమ్మతి సమ్మతే కాదంటుంది. పాత శిక్షాస్మృతి 90వ సెక్షన్‌లో ఉన్న సూత్రమే ఇది. పొలం అమ్మకానికి పనికిరాని వేలిముద్ర ఆసుపత్రి చేరికకు ఎలా పనికొస్తుంది?

అయితే తాగిన ప్రతివాడూ సామర్థ్యం కోల్పోయినవాడేనని అనుకోవడమూ తప్పే. 2017 చట్టం 4వ సెక్షన్ సామర్థ్యాన్ని వ్యక్తికి అంటించే ముద్రగా కాక, ఫలానా నిర్ణయానికి సంబంధించిన శక్తిగా చూస్తుంది. సమాచారం అర్థం చేసుకోవడం, పర్యవసానం గ్రహించడం, నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలియజేయడం అక్కడి కొలమానాలు. ఇతరులకు తప్పుగా తోచిన నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేదనడానికి వీల్లేదని అదే సెక్షన్ హెచ్చరిస్తుంది. నోట వాసన వస్తోందన్నది సామర్థ్య పరీక్ష కాదు. తూలుతూ వచ్చినా 'తాగకుండా ఉండలేకపోతున్నాను, కొన్నాళ్లు ఇక్కడ ఉంచండి' అన్న మాటను నిలకడగా చెప్పగలిగినవాడికి చేరిక అంటే ఏమిటో తెలిసే ఉండవచ్చు.

మరి నిజంగా తెలియని స్థితిలో ఉన్నవాడి సంగతి? 94వ సెక్షన్‌లోని అత్యవసర చికిత్స ఇక్కడ ఉపయోగపడుతుంది. ప్రాణాపాయాన్నో తీవ్ర హానినో నివారించడానికి రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల వరకు, లేదా మానసిక వైద్యశాలలో పరీక్ష జరిగేవరకు, ఏది ముందైతే అంతవరకు చికిత్స చేయవచ్చు. నామనిర్దేశిత ప్రతినిధి అందుబాటులో ఉంటే సమ్మతి తీసుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి కూడా ఈ అధికారం ఉంది. అంటే 'ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి పో' అనడానికి చట్టం సాకు ఇవ్వడం లేదు.

చిక్కు వైద్యపరమైనది. మద్యం హఠాత్తుగా ఆపినవారిలో వణుకు కొద్ది గంటల్లోనే మొదలవుతుంది. మూర్ఛలు సాధారణంగా రెండు రోజుల లోపు వస్తాయి. మతిభ్రమతో కూడిన ప్రమాదకర స్థితి ఎక్కువగా 48 నుంచి 96 గంటల మధ్య తలెత్తుతుంది. అంటే తెలివిగా ఉన్నప్పుడు సంతకం చేసి చేరినవాడే మూడో రోజున తానెక్కడున్నాడో తెలియక 'నన్ను వదలండి' అని అరవవచ్చు. చట్టం 72 గంటల దగ్గర ముగింపు గీత గీస్తే జబ్బు సరిగ్గా ఆ గీత దగ్గరే విజృంభిస్తుంది. అప్పుడు సిబ్బంది మూడు విధాలుగా ప్రవర్తించవచ్చు. మొదటి రోజు సంతకం చూపించి కట్టడి చేయవచ్చు, అది చట్టవిరుద్ధం. అరుస్తున్నాడు కదా అని డిశ్చార్జి రాసి పంపవచ్చు, అది ప్రాణాంతకం. లేదా 88వ సెక్షన్ ఇచ్చిన 24 గంటల్లో పరీక్షించి, నిజంగా సామర్థ్యం పోతే 89వ సెక్షన్ కిందికి మార్చి, బోర్డుకు తెలియజేసి, తెలివి రాగానే మళ్లీ స్వతంత్ర రోగిగా గుర్తించవచ్చు. సరైన దారి మూడోదే. దానికి సైకియాట్రిస్టు కావాలి, ప్రతినిధి కావాలి, కాగితం రాసే ఓపిక కావాలి. ఈ మూడూ ఎవరికి దొరుకుతాయి, ఎవరికి దొరకవు అన్నదగ్గరే కులం, వర్గం లోపలికి వస్తాయి.

మత్తు ప్రస్తావన లేకపోయినా అమెరికా సుప్రీంకోర్టు 1990లో ఇచ్చిన జినర్మన్ వర్సెస్ బర్చ్ తీర్పు ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఫ్లోరిడాలో రోడ్డు వెంట దిక్కుతోచక తిరుగుతున్న ఒక వ్యక్తి చేత స్వచ్ఛంద చేరిక పత్రాల మీద సంతకాలు చేయించి అయిదు నెలలు ఉంచారు. తాను స్వర్గంలో ఉన్నాననుకుంటున్న మనిషి సంతకం అది. అతడు దావా వేయవచ్చని కోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. స్వచ్ఛంద చేరికకు రక్షణ నియమాలు తక్కువగా ఉంటాయి కాబట్టి, సమ్మతి తెలపలేనివారిని ఆ దారిలోకి నెడితే ఆ రక్షణలన్నీ పోతాయన్నది అందులోని పాఠం.

వేలిముద్రకు ఒక చరిత్ర ఉంది

తెలుగు నేల మీద మత్తుకూ వేలిముద్రకూ ఉన్న సంబంధం ఆసుపత్రుల్లో మొదలవలేదు. ఏజెన్సీ ప్రాంతాల్లో ఆదివాసుల భూములు అప్పు కింద, సారా కింద, చదవలేని కాగితాల కింద చేతులు మారిన చరిత్ర మనకు తెలుసు. షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలను 1959లో చేసి, 1970 సవరణతో మరింత కఠినం చేయవలసి వచ్చింది అందుకే. మనం 1/70 చట్టం అని పిలుచుకునేది దాన్నే. ఆదివాసి నుంచి ఆదివాసేతరుడికి భూమి బదలాయింపు చెల్లదని ఆ నిబంధన చెప్పింది. సంతకం ఉంది కదా అన్న వాదనను అది ఒప్పుకోలేదు. అసమానుల మధ్య కుదిరిన 'ఇష్టపూర్వక' ఒప్పందం వెనుక ఏముంటుందో ఆ చట్టం చేసినవారికి తెలుసు.

'మీ మంచికే బంధిస్తున్నాం' అన్న మాటకూ ఇక్కడ చరిత్ర ఉంది. వలస పాలన నాటి నేరస్థ తెగల చట్టం ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో వారిని 'సంస్కరించారు'. 1952లో ఆ చట్టం రద్దయినా, కొన్ని సమూహాల వ్యసనాన్ని వైద్యంతో కాక కట్టడితో నయం చేయాలన్న ఆలోచన సులభంగా పోలేదు. 2017 చట్టం 3వ సెక్షన్ ఈ ప్రమాదాన్ని ఊహించింది. రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదా ఆధారంగా గాని, ఏదో సమూహానికి చెందినవాడన్న కారణంతో గాని, సమాజంలో చలామణి అయ్యే నైతిక విలువలకు తలొగ్గలేదన్న కారణంతో గాని ఎవరినీ మానసిక రోగిగా నిర్ధారించకూడదు. 18, 21 సెక్షన్లయితే కులం పేరు చెప్పి మరీ వివక్షను నిషేధించాయి. మానసిక వైద్యానికి సంబంధించిన చట్టంలో 'కులం' అన్న మాట ఉండటం చిన్న విషయం కాదు. ఆ మాట వార్డులోకి ఎంతవరకు చేరిందన్నదే ప్రశ్న.

అమ్మకంలో వాటా ఉంది, వైద్యంలో లేదు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 ఏళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన సర్వే, దేశంలో మద్యం సమస్యకు సాయం అవసరమైనవారు 5.7 కోట్లకు పైగా ఉన్నారని చెప్పింది. మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. స్వచ్ఛంద చేరిక గురించి మనం ఎంత సూక్ష్మంగా తర్కించినా, ఆ తలుపు దాకా రాగలిగినవారు ఇంత తక్కువ.

తెలంగాణ ప్రభుత్వం 2021 నుంచి మద్యం దుకాణాల లైసెన్సుల్లో గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తోంది. వ్యాపారంలో వాటా న్యాయమే, దాన్ని తప్పుపట్టనవసరం లేదు. కాని మద్యం అమ్మకంలో దళితుడి వాటాను లెక్కగట్టగలిగిన రాజ్యం, ఆ మద్యంతో కాలేయం పాడైన దళితుడికి జిల్లా ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయో కూడా అంతే శ్రద్ధగా లెక్కగట్టాలి. రాజ్యాంగంలో ఎస్సీ, ఎస్టీలను దోపిడీ నుంచి కాపాడమనే 46వ అధికరణం, మత్తు పానీయాల నిషేధానికి కృషి చేయమనే 47వ అధికరణం పక్కపక్కనే ఉన్నాయి. ఆబ్కారీ ఆదాయం మీద ఆధారపడిన ప్రభుత్వాలు ఆ రెంటినీ కలిపి చదివిన దాఖలా కనిపించదు.

తెలంగాణలో కల్తీ కల్లు సంగతి మరీ ప్రత్యేకం. చెట్టు కల్లు చాలక క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలమ్ కలిపి అమ్మే దందా ఏళ్లుగా సాగుతోంది. తాగేది కూలి జనం. తాను బానిసైంది కల్లుకు కాదని, మత్తుమందు బిళ్లకని వారికి తెలియదు. 2015లో అధికారులు కల్తీని కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం పిచ్చిచూపులతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల అలాంటి రోగులతోనే కిటకిటలాడింది. సరఫరాను ఒక్కరోజులో ఆపడం ప్రభుత్వానికి తెలుసు. ఆపిన మర్నాడు వచ్చే రోగికి పడక సిద్ధం చేయడం ఇంకా నేర్వలేదు.

మురుగు కాలువలోకి దిగే కార్మికుడి తాగుడును ఏ ఖాతాలో వేస్తాం? ఆ దుర్గంధాన్ని తెలివితో ఉన్న మనిషి భరించలేడు కాబట్టి తాగి దిగుతాడు. మనుషుల చేత పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం అమలైతే తగ్గే వ్యసనం అది. అతడిని నెల రోజులు డీఅడిక్షన్ వార్డులో ఉంచి మళ్లీ అదే మ్యాన్‌హోల్‌కు పంపడాన్ని వైద్యం అనలేం.

చట్టంలోని పగుళ్లు

2017 చట్టం 21వ సెక్షన్ శారీరక వ్యాధులతో సమానంగా మానసిక అనారోగ్యానికీ బీమా ఇవ్వాలంటుంది. నిర్వచనం ప్రకారం మద్యపాన సంబంధిత స్థితి మానసిక అనారోగ్యమే. అయినా బీమా నియంత్రణ సంస్థ అనుమతించిన ప్రామాణిక మినహాయింపుల్లో మద్యం, మాదకద్రవ్య వ్యసన చికిత్స ఉంది. బంధించడానికి రోగి, బిల్లు చెల్లించడానికి వ్యసనపరుడు అన్న ద్వంద్వం ఇది.

మాదకద్రవ్యాల విషయంలో వైరుధ్యం ఇంకా లోతైనది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్, వాడకానికి గాని స్వల్ప పరిమాణానికి గాని కేసు ఎదుర్కొంటున్న బానిస స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మంచి నిబంధనే. కాని చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. ఒక చట్టం 'ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు' అంటుంది. ఇంకొకటి 'వెళ్తే కేసు' అంటుంది. జైలా ఆసుపత్రా అని తేల్చుకోమన్నప్పుడు పుట్టిన ఇష్టం, 86వ సెక్షన్ కోరే ఒత్తిడిలేని ఇష్టం అవుతుందా? గంజాయి కేసుల్లో పోలీసులకు చిక్కే ఏజెన్సీ యువకుడికి 64ఎ గురించి చెప్పేవారైనా ఉన్నారా అన్నది అంతకుముందు అడగాల్సిన ప్రశ్న.

పాలనలోనూ చీలిక ఉంది. 2017 చట్టం ఆరోగ్య శాఖది. స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిచే వ్యసన విముక్తి కేంద్రాలకు నిధులిచ్చేది, 2020లో నషా ముక్త్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టింది సామాజిక న్యాయ శాఖ. ఎస్సీ, బీసీల సంక్షేమం చూసే శాఖ చేతిలోనే ఈ పని ఉండటం ఒక అవకాశం కావలసింది. ఏ శాఖదీ పూర్తి బాధ్యత కాని చోట ప్రైవేటు డీఅడిక్షన్ కేంద్రాలు పుట్టుకొస్తాయి. మానసిక రోగులను చేర్చుకుని ఉంచే ఏ కేంద్రమైనా 65వ సెక్షన్ కింద రిజిస్టరు కావాలి. లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 5 వేల నుంచి 50 వేల రూపాయల వరకే. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్, బలవంతంగా గుండు గీయడాన్ని, ఇష్టం లేని పని చేయించడాన్ని 20వ సెక్షన్ నిషేధించాయి. జైళ్లలో కులాన్ని బట్టి పని కేటాయించడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తీర్పు చెప్పింది. డీఅడిక్షన్ కేంద్రాల్లో మరుగుదొడ్లు ఎవరు కడుగుతున్నారో, వంట ఎవరు చేస్తున్నారో చూడటానికి అదే కొలమానం వాడాలి.

ఇంట్లో ఆడవాళ్ల మాటేమిటి?

రోగి స్వేచ్ఛ గురించి ఇంత మాట్లాడినప్పుడు ఎదురయ్యే న్యాయమైన ప్రశ్న ఒకటుంది. కూలి డబ్బు తాగి, ఇంటికొచ్చి కొట్టే భర్తకు 'సామర్థ్యం ఉంది, అతని ఇష్టం' అని చట్టం చెబితే ఆ భార్య ఏం కావాలి? ఆమె బాధను తేలిక చేసే హక్కుల వాదానికి విలువ లేదు. హింస ఉన్నచోట 2005 గృహహింస నిరోధక చట్టం ఉంది, 89వ సెక్షన్‌లోనూ ఇతరుల మీద హింసాత్మక ప్రవర్తన ఒక ప్రాతిపదికే. ఆమె రక్షణ కోరవచ్చు, నామనిర్దేశిత ప్రతినిధిగా దరఖాస్తూ చేయవచ్చు. కాని తాళం వేసే బాధ్యతను ఆమె మీద మోపి రాజ్యం తప్పుకోవడం న్యాయం కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఇక్కడ తలుచుకోవాలి. అక్షరదీపం తరగతుల్లో వేలిముద్ర మాని సంతకం నేర్చుకుంటున్న దళిత, వెనుకబడిన కులాల మహిళలు అందులో ముందు నిలిచారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. వారు అడిగింది తమ మగవాళ్లను బంధించమని కాదు, సారా కొట్టు మూయమని. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. తాగించిన చేతిని ఆ మహిళలు సరిగ్గా గుర్తించారు. ఈ రోజు చర్చంతా తాగినవాడి సమ్మతి చుట్టూ తిరుగుతూ, తాగించినవాడి బాధ్యత దగ్గర ఆగిపోతోంది.

ఏం చేయాలి?

చట్టం మార్చకుండానే చేయగలిగినవి చాలా ఉన్నాయి. మత్తులో వచ్చినవారిని తిప్పి పంపకూడదని, 94వ సెక్షన్ కింద చికిత్స మొదలుపెట్టి తెలివి వచ్చాక మళ్లీ అడిగి చేరిక రకాన్ని నిర్ణయించాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఉత్తర్వులివ్వాలి. మత్తులో తీసుకున్న సంతకాన్ని, వేలిముద్రను అంతిమ సమ్మతిగా లెక్కించకూడదు. ఉపసంహరణ లక్షణాలు తీవ్రమయ్యే తొలి నాలుగు రోజుల్లో రోజూ సామర్థ్య పరీక్ష జరగాలి. రోగికి తన చేరిక ఏ సెక్షన్ కిందో, బోర్డుకు ఎలా మొరపెట్టుకోవాలో అర్థమయ్యే భాషలో చెప్పాలని 22వ సెక్షన్ అంటోంది. మనకు ఆ భాష తెలుగు, ఉర్దూ మాత్రమే కాదు. కోయ, గోండి, లంబాడీ కూడా.

5వ సెక్షన్‌లోని ముందస్తు ఆదేశాన్ని ప్రచారంలోకి తేవాలి. తెలివిగా ఉన్న రోజున 'ఉపసంహరణలో నేను వెళ్లిపోతానంటే ఇలా చేయండి, నా తరఫున మాట్లాడేది మా అక్క' అని రాసుకోగలిగినవాడి స్వేచ్ఛ, సంకెళ్ల మధ్య చిక్కిన స్వేచ్ఛ కంటే మెరుగైనది. అలా రాయడానికి ఆశా కార్యకర్తలు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలు సాయపడాలి. 27వ సెక్షన్ ఉచిత న్యాయసాయాన్ని హక్కుగా ఇచ్చింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వ నిధులతో నడిచే కేంద్రాల్లో పూర్తి ఉచిత చికిత్స 18వ సెక్షన్ ఇచ్చిన మరో హక్కు. వీటికి చికిత్స కాలంలో పోయే కూలికి పరిహారం తోడు కావాలి. నెల రోజుల కూలి వదులుకుంటేనే దొరికే వైద్యాన్ని పేదవాడు 'నిరాకరించాడు' అనడం మోసం.

చివరిగా లెక్కలు. జైళ్లలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు ఎంతమందో జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రచురిస్తోంది. మానసిక వైద్యశాలల్లో, డీఅడిక్షన్ కేంద్రాల్లో స్వతంత్రంగా చేరినవారెందరు, మద్దతుతో చేర్చినవారెందరు, ఎవరిని తిప్పి పంపారు, ఎవరు ఎన్ని రోజులున్నారు అన్న వివరాలను వ్యక్తుల గోప్యతకు భంగం లేకుండా సామాజిక వర్గాల వారీగా సమీక్షా బోర్డులు ఏటా వెల్లడించాలి. స్వతంత్ర చేరిక పైకులాల రోగులకూ, మద్దతుతో చేరిక కిందికులాల రోగులకూ దక్కుతోందేమో అప్పుడే తేలుతుంది. చట్టం 18వ సెక్షన్‌లో 'కులం' అన్న మాట రాసి ఊరుకుంటే సరిపోదు. ఆసుపత్రి రిజిస్టరు కూడా ఆ మాటకు జవాబు చెప్పాలి.